గ్రహ చదరాల మీద సిగిల్ గీయడం: అదే పేరుకి రెండు బొమ్మలు ఎందుకొస్తాయి

మీరడిగింది ఇదీ: గురుడి 4×4 చదరం (ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చే అంకెల గళ్ళు) మీద మీ పేరుతో సిగిల్ (పేరులో అక్షరాల్ని అంకెలుగా మార్చి ఆ గళ్ళ మీదుగా గీసే గీతల గుర్తు) గీద్దామనుకున్నారు, రెండు ఆన్‌లైన్ టూల్స్‌లో ఒకే పేరు కొడితే రెండు వేరే బొమ్మలొచ్చాయి, వాటిలో ఏది కరెక్టు, హీబ్రూ రాకపోతే ఇది చేయొచ్చా, తెలుగు పేరుని ఎలా మార్చుకోవాలి అని. ఈ చదరాలు చేత్తో గీయడం మొదలుపెట్టి నాకు పదిహేనేళ్ళు దాటింది కాబట్టి తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, పక్కన ఒక గళ్ళ కాగితం పెన్సిలు పెట్టుకుని చదివితే ఇంకా బావుంటుంది.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. తేడా చదరంలో లేదు, పేరుని అంకెలుగా మార్చే దగ్గర ఉంది. చదరం అనేది మ్యాపు, దాన్లో ఏ అంకె ఏ గడిలో ఉందో మీరు గీసినా నేను గీసినా ఒకటే, కానీ ఆ మ్యాపు మీద ఏ దారిన నడవాలో చెప్పేది అక్షరాల విలువలు, ఆ విలువలు ఇచ్చే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి, ఒక్కో టూల్ ఒక్కోటి పట్టుకుంటుంది, ఏది పట్టుకుందో మీకు చెప్పదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది టూల్ వద్దు, చేత్తో చేయండి, పద్ధతి ముందే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుని దాన్ని మధ్యలో మార్చకండి అని.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఏడు చదరాలు ఇవాళ మనం వాడే రూపంలో అగ్రిప్పా దగ్గర్నుంచి వచ్చాయి. జర్మనీ ఆయన, 1486లో పుట్టి 1535లో పోయాడు, నిగూఢ విద్య మీద మూడు భాగాలుగా రాసిన ఆయన గ్రంథం మొత్తంగా అచ్చయింది 1533లో, కొలోన్‌లో. రెండో భాగంలో ఈ చదరాలూ వాటి ముద్రలూ ఉన్నాయి. అంకెల చదరాలు అంతకు చాలా ముందే అరబ్బీ పుస్తకాల్లో ఉన్నాయి, అక్కడ వఫ్క్ అంటారు. హీబ్రూలో కమేయా అంటారు, ఆ మాటకి తాయెత్తు అనే అర్థం. తర్వాత 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే నిగూఢ విద్యా సంఘం వీటిని తమ పాఠాల్లో పెట్టుకుంది, మీకు ఇంగ్లీషులో దొరికే మెటీరియల్‌లో చాలా భాగం వాళ్ళ చేతుల మీదుగా వచ్చిందే.

శనికి 3×3, గురుడికి 4×4, కుజుడికి 5×5, సూర్యుడికి 6×6, శుక్రుడికి 7×7, బుధుడికి 8×8, చంద్రుడికి 9×9. ఈ వరస ఊరికే పెట్టింది కాదు, భూమ్మీంచి చూస్తే నెమ్మదిగా నడిచేవాడి నుంచి వేగంగా నడిచేవాడి దాకా పాతకాలం వాళ్ళు పెట్టుకున్న వరస అది, శని ఒక చుట్టు రావడానికి దాదాపు 29న్నర ఏళ్ళు, చంద్రుడికి 27 రోజుల చిల్లర. మూడుతో ఎందుకు మొదలైందంటే కబాలా, అంటే యూదుల నిగూఢ సంప్రదాయం, అందులో పది స్థానాలతో గీసే చెట్టులో శనిది మూడో స్థానం, గురుడిది నాలుగు, అలా చంద్రుడు తొమ్మిది. ఇటలీలో కార్డానో అనే గణిత పండితుడు 1539లో దీన్నే తిరగేసి చంద్రుడికి 3×3 ఇచ్చి శనికి 9×9 ఇచ్చాడు. కాబట్టి ఎక్కడైనా చంద్రుడి చదరం మూడు గళ్ళది కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి, అది వేరే సంప్రదాయం. రెండూ కలపకుండా ఉంటే చాలు.

మీకు కావాల్సిన గురుడి చదరం ఇది:

4 14 15 1
9 7 6 12
5 11 10 8
16 2 3 13

అడ్డంగా కూడినా నిలువుగా కూడినా ఐమూలగా కూడినా 34, మొత్తం గళ్ళన్నీ కలిపితే 136. దీన్ని కంఠస్థం చేయక్కర్లేదు, కట్టడం నేర్చుకోండి. 1 నుంచి 16 దాకా కుడి నుంచి ఎడమకి రాయండి, హీబ్రూ రాసే దిక్కు అదే, అంటే మొదటి వరస ఎడమ నుంచి చదివితే 4 3 2 1, రెండోది 8 7 6 5, ఇలా. రెండు ఐమూలల మీద ఉన్న గళ్ళు కదపకండి, మిగిలిన ప్రతి గడిలో ఉన్న అంకెని 17 లోంచి తీసేసి వచ్చింది రాయండి. 3 ఉన్నచోట 14, 2 ఉన్నచోట 15, 8 ఉన్నచోట 9. అంతే, పై చదరం వచ్చేస్తుంది. బుధుడి 8×8 కూడా ఇదే పద్ధతి, దాన్ని నాలుగు 4×4 ముక్కలుగా చూసి ప్రతి ముక్క ఐమూలల్ని వదిలేసి మిగతావి 65 లోంచి తీసేయాలి. ఒక సంగతి చెప్తా, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన మెలంకోలియా బొమ్మలో గోడమీద 4×4 చదరం ఉంటుంది చూడండి, దాని అడ్డ వరసల్ని కింది నుంచి పైకి తిరగరాసి నడిమి రెండు నిలువు వరసలు అటుదిటు మారిస్తే ఇదే చదరం. ఆయన కింది వరస మధ్యలో 15, 14 పడేట్టు పెట్టుకున్నాడు, అది ఆ బొమ్మ సంవత్సరం. మొదటిసారి ఇది కాగితం మీద చేసి చూసుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

బేసి చదరాలు, అంటే శని కుజుడు శుక్రుడు చంద్రుడు, వీటికి ఇంకో దారి. నడిమి గడికి సరిగ్గా కింద గడిలో 1 వేయండి, తర్వాత ప్రతి అంకె ఐమూలగా కుడి కిందికి, అంచు దాటితే ఎదుటి వైపు నుంచి లోపలికి రావాలి, వెళ్ళాల్సిన గడి ముందే నిండి ఉంటే ఇప్పుడున్న గడి నుంచి నిట్టనిలువుగా రెండు గళ్ళు కిందికి. శనికి చేస్తే 4 9 2, 3 5 7, 8 1 6 వస్తుంది. కుజుడికి చేసి చూసుకోండి, మొదటి వరస 11 24 7 20 3 రావాలి. సూర్యుడి 6×6 మాత్రం ఇలా సులువుగా కుదరదు, అది నమ్మకమైన చోట నుంచి ఎత్తి రాసుకుని కూడి సరిచూసుకోవడమే, ప్రతి వరసా 111 రావాలి, మొత్తం 666. ఆ 666 చూసి భయపడి సూర్యుడి జోలికి పోనివాళ్ళని చూశా, 1 నుంచి 36 దాకా కూడితే ఎవరికైనా వచ్చేది అదే.

ఇక పేర్లు. ప్రతి గ్రహానికి సంప్రదాయంలో ఒక ఇంటెలిజెన్స్, ఒక స్పిరిట్ ఉంటాయి, మొదటిది దారి చూపేది, రెండోది మొరటు బలం, దాన్ని మొదటిదాని అదుపులోనే ఉంచాలంటారు. ఈ పేర్ల అందమేంటంటే అవి లెక్కలోంచి పుట్టాయి. హీబ్రూలో ప్రతి అక్షరమూ ఒక అంకె కూడా కదా, గురుడి ఇంటెలిజెన్స్ యోఫియెల్, యోద్ 10, హే 5, పే 80, యోద్ 10, ఆలెఫ్ 1, లామెద్ 30, కూడండి, 136. గురుడి స్పిరిట్ హిస్మాయెల్, 5, 60, 40, 1, 30, మళ్ళీ 136. శనికి అగియెల్ 45, జాజెల్ 45, కుజుడికి గ్రాఫియెల్ 325, బార్త్సబెల్ 325. చదరం మొత్తం ఎంతో పేరు మొత్తం అంత. అన్నీ ఇలా ఉండవు, శుక్రుడి హగియెల్ 49, అంటే ఆ చదరంలో ఉన్న గళ్ళ లెక్క. అంటే ఆ పేర్లు చదరానికి తాళంచెవుల్లాంటివి. మన పేరో మన కోరికో అలా కుదరదు కాబట్టే చాలామంది పెద్దవాళ్ళు ముందు ఇంటెలిజెన్స్ సిగిల్ గీయించి, ఆ తర్వాతే సొంత పేరు గీయిస్తారు, నేనూ మీకు అదే చెప్తా.

ఇక్కడ ఇంకో తికమక తీసేస్తా. గ్రహ ముద్ర వేరు, సిగిల్ వేరు. ముద్ర అంటే ఆ చదరంలోని గళ్ళన్నిటినీ తాకేట్టు గీసిన గుర్తు, అది గ్రహానికి ఒక్కటే, అది మారదు. సిగిల్ అంటే ఒక పేరు నడిచిన దారి. మీరు పంపిన రెండు బొమ్మల్లో ఒకదాని చుట్టూ వాళ్ళు గురుడి ముద్ర కూడా కలిపేశారు, అందుకే అది అంత గజిబిజిగా ఉంది.

సరే గీద్దాం. మీకు గురుడితో కావాల్సింది చదువు, జ్ఞానం అన్నారు కాబట్టి హీబ్రూలో జ్ఞానానికి వాడే మాట హొక్మా తీసుకుందాం. నాలుగక్షరాలు: హేత్ 8, కాఫ్ 20, మేమ్ 40, హే 5. గురుడి చదరంలో 16 దాటి అంకె లేదు. దాటిన అంకెని పదితో భాగించాలి, ఇంకా దాటితే మళ్ళీ పదితో, చదరంలో ఇమిడేదాకా. 20 అయ్యింది 2, 40 అయ్యింది 4. దారి 8, 2, 4, 5. మూడో వరస కుడి చివర మొదలు, అక్కడ్నుంచి వాలుగా కింది వరసలో రెండో గడికి, అక్కడ్నుంచి పైన ఎడమ మూలకి, అక్కడ్నుంచి నిట్టనిలువుగా రెండు గళ్ళు కిందికి. మూడే మూడు గీతలు. చూడ్డానికి పదునుగా, శుభ్రంగా ఉంటుంది.

ఈ పదితో భాగించడం ఎవరో సౌకర్యానికి పెట్టింది కాదు, కబాలాలో తొమ్మిది గదుల పద్ధతి ఉంది, ఆలెఫ్ 1, యోద్ 10, కోఫ్ 100 ముగ్గురూ ఒకే గది, బేత్ 2, కాఫ్ 20, రేష్ 200 ఇంకో గది. దాని నీడే ఇది. ఇక్కడే మీ రెండు టూల్స్ విడిపోయాయి. సరైన పద్ధతిలో గురుడి చదరంలో యోద్ 10 గానే ఉంటుంది, ఎందుకంటే 10 గడి అక్కడ ఉంది. శని చదరంలో 9 వరకే కాబట్టి అక్కడ యోద్ 1 అవుతుంది. అంటే ఒకే పేరు శని మీద ఒకలా, గురుడి మీద ఒకలా, చంద్రుడి మీద ఇంకోలా నడుస్తుంది, అలాగే నడవాలి కూడా. కొన్ని టూల్స్ మాత్రం ఏ చదరమైనా సరే అన్నీ ఒకట్లలోకి దించేస్తాయి, లేదంటే ఇంగ్లీషు అక్షరాలకి వరసగా 1 నుంచి 9 మళ్ళీ 1 నుంచి 9 అని ఇచ్చేస్తాయి. అలా చేస్తే గురుడి చదరంలో 10 నుంచి 16 దాకా ఉన్న ఏడు గళ్ళని ఏ పేరూ ఎప్పటికీ తాకదు, చంద్రుడి చదరంలో అయితే 81 గళ్ళలో 72 ఖాళీగా పడుంటాయి. అంత పెద్ద చదరం ఎందుకు కట్టుకున్నట్టు మరి. నాకు ఆ పద్ధతి నచ్చదు, అయినా దాన్ని పట్టుదలగా, మార్చకుండా వాడేవాళ్ళని తప్పు పట్టను.

తెలుగు పేరు దగ్గరికి వద్దాం, మీకు అసలు గుచ్చుకుంటున్న ముల్లు ఇదే అనుకుంటా. మొదటి దారి, పేరు పలికినట్టు హీబ్రూలోకి మార్చడం. హీబ్రూలో అచ్చులు చాలావరకు రాయరు, ఒత్తులు లేవు, ల ళ ఒకటే, న ణ ఒకటే, త కి రెండక్షరాలున్నాయి, తేత్ 9, తావ్ 400. క కి కూడా కాఫ్ 20, కోఫ్ 100 రెండూ ఉన్నాయి. బయటి భాషల పేర్లు రాసేటప్పుడు వాళ్ళు మామూలుగా త కి తేత్, క కి కోఫ్ వాడతారు, నేనూ అదే పట్టుకున్నా. రవి అనే పేరు తీసుకుందాం, రేష్ 200, వావ్ 6, యోద్ 10, గురుడి మీద 2, 6, 10. అదే వ కి బేత్ వాడితే 2, 2, 10, వేరే బొమ్మ. రెండూ సమర్థించుకోవచ్చు, కాబట్టి గీయకముందే ఒకటి తేల్చుకోవాలి, గీశాక ఏది అందంగా ఉందో చూసి తేల్చుకోకూడదు. ఇది నేను గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే ఈ పనిలో ఉన్న క్రమశిక్షణ అంతా ఇక్కడే ఉంది, అందం కోసం దారి మార్చిన రోజు అది మీ డ్రాయింగ్ అవుతుంది గానీ ఆ పేరు నడిచిన దారి కాదు.

రెండో దారి, చాలామంది నన్ను అడిగేది, మనకి కటపయాది, అంటే హల్లులకి అంకెలిచ్చే పాత పద్ధతి, ఉంది కదా, అది వాడొచ్చా అని. క ట ప య లకి 1, ఖ ఠ ఫ ర లకి 2, అలా పోతుంది, సంగీతం నేర్చుకున్నవాళ్ళకి మేళకర్తల నంబర్ల దగ్గర ఇది అలవాటే. వాడొచ్చు, నేను కొన్నాళ్ళు వాడాను, కానీ మూడు ఇబ్బందులున్నాయి. ఒకటి, అన్నీ 0 నుంచి 9 లోపే, కాబట్టి పెద్ద చదరాల్లో ఇందాక చెప్పిన సమస్యే. రెండు, జంటాక్షరంలో చివరి హల్లు ఒక్కటే లెక్క, గుణింతాలు లెక్కలోకి రావు, విద్య అంటే వ 4, య 1, అంతే, గురుడి చదరం పై వరసలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక అడ్డగీత. మూడోది పెద్దది, న కి, ఞ కి సున్నా, చదరంలో సున్నా గడి లేదు. జ్ఞానం అనే మాట వేసి చూడండి, జ్ఞా లో చివరి హల్లు ఞ, సున్నా, తర్వాత న, అదీ సున్నా. జ్ఞానానికి అసలు గీతే పడదు! ఇది తెలిసాక నేను హీబ్రూ దారికి వెనక్కి వచ్చేశా. కటపయాది గొప్ప పద్ధతి, కానీ అది పెద్ద సంఖ్యని శ్లోకంలో దాచుకోవడానికి పుట్టింది, గళ్ళ మీద నడవడానికి కాదు.

హీబ్రూ రాకపోతే చేయొచ్చా అన్నారు. భాష రానక్కర్లేదు, 22 అక్షరాలు, వాటి విలువలు వస్తే చాలు, 1 నుంచి 9, 10 నుంచి 90, తర్వాత 100, 200, 300, 400. రెండు సాయంత్రాలు కూర్చుంటే వస్తుంది. మాట చివర వచ్చినప్పుడు అయిదు అక్షరాలకి ఆకారం మారుతుంది, కొందరు వాటికి 500 నుంచి 900 దాకా విలువలు ఇస్తారు, పదితో భాగిస్తే వేరే గదుల్లోకి పోతాయి, మొదలెట్టేవాళ్ళు వాటిని మామూలు విలువతోనే తీసుకోండి.

కోరికని వాక్యంగా పెట్టకండి, ఒక్క మాట చాలు. వాక్యం రాసి, మళ్ళీ వచ్చిన అక్షరాలు కొట్టేసి, మిగిలినవి కలిపి బొమ్మ చేసే పద్ధతి వేరే, అది ఆస్టిన్ ఆస్మన్ స్పేర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి నుంచి వచ్చింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. అక్కడ గీసి మర్చిపోవడం, కాల్చేయడం లాంటివి ఉంటాయి. గ్రహ చదరాల పద్ధతిలో మర్చిపోవడం అనేది లేదు, గీసినదాన్ని దగ్గర పెట్టుకుంటారు, ఆ గ్రహం రోజున తీసి చూస్తారు. మీరు రాసినదాంట్లో రెండూ కలిసిపోయాయి, ఒకటి ఎంచుకోండి.

గీసే పద్ధతి. చదరం బాగా పెద్దగా, గళ్ళన్నీ సమానంగా, నేనయితే గడికి రెండు సెంటీమీటర్లు పెడతా. ప్రతి గడి నడుమ సన్నటి చుక్క. దాని మీద ట్రేసింగ్ పేపరు పెట్టి స్కేలుతో చుక్క నుంచి చుక్కకి. మొదలుపెట్టిన చోట చిన్న సున్నా, ఆగిన చోట చిన్న అడ్డగీత. దారిలో వేరే గడి మీదుగా గీత వెళ్తే వెళ్ళనివ్వండి, అక్కడ వంపు ఉండదు కాబట్టి ఆ అంకె లెక్కలోకి రాదు. వరసగా రెండక్షరాలు ఒకే గడిలో పడితే అక్కడ చిన్న మెలి వేయాలి, లేకపోతే ఒక అక్షరం మాయమైనట్టే. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాల్సి వస్తే, శని మీద అగియెల్ గీస్తే అదే వస్తుంది, 1, 3, 1, 1, 3, అప్పుడు ఒకదాని పక్కన ఒకటి వెంట్రుకవాసి ఎడంతో గీయండి, అక్షరాలన్నీ కనబడాలి. ట్రేసింగ్ పేపరు తీశాక గళ్ళు ఉండవు, గీతలు మాత్రమే మిగులుతాయి, అదీ సిగిల్.

నా అనుభవం ఒకటి చెప్పాలి. బుధుడి 8×8 నేను మొదట్లో ఒక జిరాక్స్ కాగితం నుంచి ఎత్తి రాసుకున్నా, వరసలన్నీ కూడి చూశా, అన్నీ 260 వచ్చాయి, ధైర్యంగా వాడేశా. మూడు నెలల తర్వాత ఎందుకో నిలువుగా కూడితే ఒకటి 259, పక్కది 261. ఆరో వరసలో 20, 21 తారుమారై ఉన్నాయి. పక్కపక్క గళ్ళు తారుమారైతే అడ్డం మొత్తం మారదు కదా, అందుకే దొరకలేదు. బుధుడి ఇంటెలిజెన్స్ టిరియెల్ దారి 9, 10, 20, 10, 1, 30, అంటే ఆ తప్పు గడి మీదుగానే నేను ప్రతిసారీ నడిచా. ఆ మూడు నెలలు గీసినవన్నీ పక్కన పెట్టి మొదట్నుంచి గీశాను, బాధేసింది. అందుకే అడ్డం, నిలువు, రెండు ఐమూలలు, మూడూ కూడకుండా ఏ చదరమూ వాడకండి, ఎంత పేరున్న పుస్తకంలోదైనా.

సమయం గురించి. గురుడికి గురువారం, గురు హోరలో. హోర మనకి పంచాంగంలో తెలిసిన మాటే, వరస కూడా అదే, కానీ ఇక్కడ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని పన్నెండు భాగాలు చేస్తారు, కాబట్టి హోర కచ్చితంగా గంట ఉండదు, కాలాన్ని బట్టి పెరుగుతుంది తగ్గుతుంది. గురువారం సూర్యోదయంతో మొదలయ్యే హోర గురుడిది, మళ్ళీ ఎనిమిదోది. చదరం కట్టడం, లెక్కలు సరిచూడటం ముందురోజే పూర్తిచేసి, ఆ హోరలో కేవలం చివరి గీత మాత్రమే గీస్తే హడావుడి ఉండదు.

లోహాల దగ్గర జాగ్రత్త. పాత గ్రంథాల్లో శనికి సీసం రేకు అని ఉంటుంది, గురుడికి అగ్రిప్పా వెండి అన్నాడు, తర్వాతివాళ్ళు తగరం అన్నారు. సీసం చెక్కితే వచ్చే పొడి విషం, ఇంట్లో పిల్లలుంటే మరీ ప్రమాదం, పాదరసం అసలు ముట్టుకోవద్దు. మంచి కాగితం మీద ఇంకుతో గీయండి, అగ్రిప్పానే బుధుడి చదరానికి తోలుకాగితం కూడా పనికొస్తుందన్నాడు. రంగు కావాలంటే గురుడికి నీలం, దాని వెనక నారింజ, అలా ఎదురెదురు రంగులు పెట్టడం గోల్డెన్ డాన్ వాళ్ళ అలవాటు, కళ్ళు ఆర్పకుండా చూస్తుంటే గీత కదులుతున్నట్టు ఉంటుంది.

చాలామంది పడే గోతి ఇంకోటుంది. మన నవగ్రహ అంకెల యంత్రాలు, అవి కూడా గ్రహ చదరాలే, కానీ అన్నీ 3×3. వరస మొత్తం సూర్యుడిది 15, చంద్రుడిది 18, కుజుడిది 21, అలా మూడేసి పెరుగుతూ కేతువుకి 39. గురువుది 27, దాన్లో అంకెలు 5 నుంచి 13 దాకా. అంటే 15 మొత్తం వచ్చే చదరం అక్కడ సూర్యుడిది, ఇక్కడ శనిది. ఒకటి చూసి ఇంకోటి అనుకుంటే సూర్యుడి పని శని దగ్గరికి తీసుకెళ్ళినట్టే. పైగా ఆ గురు యంత్రంలో 1, 2, 3, 4 గళ్ళే లేవు కాబట్టి పేరు దారి గీయడం దాని మీద కుదరదు. దాని పూజ, దాని మంత్రం వేరు, దాన్ని దాని పద్ధతిలోనే చేసుకోండి, దీనితో కలపొద్దు.

పని చేస్తుందా అని చివర్లో మొహమాటంగా అడిగారు. నాకు తెలిసింది చెప్తా. ఒక మాటని ఎంచుకుని, దాన్ని అక్షరం అక్షరం లెక్కగట్టి, చదరం సొంతంగా కట్టి, తప్పులు వెతికి, ఒక గంట కోసం వారం ఎదురుచూసి గీసినవాడు ఆ మాటని అంత తేలిగ్గా వదిలేయడు. నాకు ఇది ఇచ్చింది ముందు ఆ పట్టు, దానికి పైన ఏముందో నేను నమ్మేది నాకుంది, మీది మీరు తేల్చుకోండి. పరీక్షకి చదవడం మాత్రం చదవాల్సిందే, జబ్బుకి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే, ఇంకొకరి మనసు మార్చడానికో కీడు చేయడానికో గీయమంటే నేను చెప్పను. కుజుడి సిగిల్ జోలికి మొదటి సంవత్సరం పోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, గురుడి చదరం 17 పద్ధతిలో రెండుసార్లు చూడకుండా కట్టండి, మూడు వైపులా కూడండి. తర్వాత యోఫియెల్, 10, 5, 8, 10, 1, 3, ముందు అది గీయండి. తర్వాత హొక్మా. మీ పేరులో త ఉంది, చివర ళ ఉంది, త కి తేత్ 9, ళ కి లామెద్ 30 అంటే 3 పెట్టుకోండి, మధ్యలో వ కి వావ్ పెట్టాలో బేత్ పెట్టాలో మీరే తేల్చుకుని నోట్‌బుక్‌లో తేదీతో రాయండి. గీశాక ఫొటో కాదు, అంకెల వరస పంపండి చాలు, దారి సరిగ్గా ఉందో లేదో దాన్నిబట్టే చెప్పేస్తా.